నీలం డబ్బా నెలకొకటి అయిపోతోందంటే...

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పాతికేళ్ల వయసు నుంచి ఉబ్బసం ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా నీలం రంగు ఇన్‌హేలర్ రెండుసార్లు పీలుస్తాను, అయిదు నిమిషాల్లో తేలికపడుతుంది. నెలకు ఒక డబ్బా అయిపోతోంది. రోజూ వాడమని డాక్టరు గారు ఇంకో ఇన్‌హేలర్ కూడా రాశారు. కొన్నాళ్లు వాడాను కానీ, అది స్టెరాయిడ్ అని తెలిసి భయమేసి మానేశాను. పోయిన ఏడాది మూడుసార్లు ఆయాసం బాగా ఎక్కువై అయిదేసి రోజులు స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వచ్చింది. ఒక్క ఇంజెక్షన్‌తో ఆ మాత్రల అవసరం తప్పుతుందని ఈమధ్య చదివాను. అది అందుబాటులోకి వచ్చేవరకు ఇలాగే నెట్టుకురావచ్చా? మా తొమ్మిదేళ్ల అబ్బాయికి కూడా పిల్లికూతలు మొదలయ్యాయి. ఇప్పటినుంచే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడితే వాడి ఎదుగుదల ఆగిపోతుందేమోనని దిగులుగా ఉంది. (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ‘నెలకు ఒక డబ్బా అయిపోతోంది’ అన్న చోట ఆగిపోయాను. ఇంజెక్షన్ సంగతి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికంటే ముందు ఆ డబ్బా లెక్క తేలాలి.

మామూలుగా ఒక్కో డబ్బాలో 200 మోతాదులు ఉంటాయి. అది నెలలో అయిపోతోందంటే మీరు రోజుకు ఆరేడుసార్లు దాన్ని నొక్కుతున్నారన్నమాట. ఏడాదికి పన్నెండు డబ్బాలు. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతటా దారి చూపే ‘జీనా’ మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. ఏడాదికి మూడు డబ్బాలు, అంతకు మించి వాడేవారిలో ఉబ్బసం ఉధృతమయ్యే ప్రమాదం ఎక్కువ. పన్నెండు, ఆపైన వాడేవారిలో ప్రాణాపాయమే ఎక్కువ. మీరు సరిగ్గా ఆ రెండో గీత మీద ఉన్నారమ్మా. భయపెట్టాలని ఈ మాట రాయడం లేదు. ఈ ఒక్క సంగతి మీకు ఇంతకాలం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదేమో అనిపించి రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఉబ్బసంతో చనిపోయిన 195 మంది వివరాలను ఒక్కొక్కరివే పరిశీలించి 2014లో ఒక నివేదిక వెలువరించారు. తక్షణ ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్లు ఎన్ని రాశారో లెక్క దొరికిన వారు 165 మంది. వారిలో 65 మందికి చివరి ఏడాదిలో పన్నెండుకు పైగా డబ్బాలు రాశారు. ఇంకో విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. జబ్బు ఏ స్థాయిలో ఉందో అంచనా దొరికిన 155 మందిలో 14 మంది స్వల్ప ఉబ్బసానికి, 76 మంది మధ్యస్థ ఉబ్బసానికి మందులు వాడుతున్నవారే. అంటే సగానికి పైగా మనుషులను, చుట్టూ ఉన్నవాళ్లు గానీ వాళ్లు గానీ పెద్ద ఉబ్బసం రోగులుగా అనుకుని ఉండరు.

మరి నీలం డబ్బా చెడ్డ మందా? కాదు. అది చేసే పని వేరు, మీరు దానిమీద పెట్టిన భారం వేరు. ఉబ్బసంలో శ్వాసనాళం రెండు విధాలుగా ఇరుకవుతుంది. నాళం చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. అదే సమయంలో లోపలి పొర వాచి, ఎర్రబడి, జిగురుగా ఉండే కళ్లెను ఊరుస్తుంది. నీలం డబ్బాలో ఉండే సాల్బుటమాల్ అనే మందు ఆ కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. అందుకే అయిదు నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. వాచిన పొర వాచినట్లే ఉంటుంది, కళ్లె ఎక్కడిదక్కడే ఉంటుంది. నాలుగైదు గంటల్లో మందు ప్రభావం తగ్గగానే నాళం మళ్లీ ఇరుకవుతుంది. పైగా దీన్ని ఒకటి రెండు వారాలు రోజూ వాడుతూ పోతే కండరం ఆ మందుకు మునుపటిలా స్పందించదు, చిన్న దుమ్ముకో చల్లగాలికో నాళం ఇంకా తొందరగా బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఎక్కువ వాడినకొద్దీ ఎక్కువ అవసరమవుతోందని మీకు అనిపిస్తూ ఉంటే అది మీ భ్రమ కాదు.

ఈ పాఠం వైద్యలోకం చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1976లో న్యూజీలాండ్‌లో ఫెనొటెరాల్ అనే బలమైన ఉపశమన ఇన్‌హేలర్ వాడకంలోకి వచ్చిన కొద్దికాలానికే అక్కడ ఉబ్బసం మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ రెంటికీ సంబంధం ఉందని 1989లో అక్కడి పరిశోధకులు చూపించారు, ఆ మందును కట్టడి చేశాక మరణాలు తగ్గాయి. సాల్బుటమాల్ దానికంటే చాలా సురక్షితమైనది. అయినా ఊపిరి తేలికపడటాన్ని చూసి జబ్బు తగ్గిందని అనుకునే పొరపాటు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

ఇప్పుడు మీరు మానేసిన రెండో ఇన్‌హేలర్ దగ్గరికి వద్దాం. పీల్చే స్టెరాయిడ్ 1972 నుంచి ఉంది. పాతది కాబట్టి వార్తల్లోకి రాదు. ఉబ్బసంలో ప్రాణం కాపాడిన మందు ఏదని నన్ను అడిగితే మాత్రం ఆలోచించకుండా దాని పేరే చెబుతాను. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ముప్పై వేల మందికి పైగా ఉబ్బసం రోగుల వివరాలతో చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. ఏడాదిలో వాడిన ఒక్కో అదనపు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డబ్బాకు ఉబ్బసంతో చనిపోయే రేటు 21 శాతం చొప్పున తక్కువగా కనిపించింది. మందు మానేసిన మొదటి మూడు నెలల్లో ఆ రేటు మళ్లీ పెరిగింది. ఆయాసం లేని రోజుల్లోనూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఆయాసం లేకపోవడమే దాని పని.

స్టెరాయిడ్ అన్న మాటకు మీరు భయపడ్డారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి ఎముకలు గుల్లబారినవారిని, మధుమేహం తెచ్చుకున్నవారిని చూశాను. అందుకే మీతో ఒక లెక్క చేయించాలని ఉంది. ఉధృతి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములు లేదా ఆ పైన ఇస్తారు. 40 చొప్పున అయిదు రోజులంటే 200 మిల్లీగ్రాములు. మూడుసార్లకు 600. ఇక పీల్చే స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. రోజుకు 400 చొప్పున ఏడాది పొడుగునా ఒక్కరోజు మానకుండా పీల్చినా మొత్తం 146 మిల్లీగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు, బుడెసొనైడ్ బలమైనది. అందువల్ల ఈ అంకెలను నేరుగా తూకం వేయకూడదు. కానీ పీల్చిన మందు చేరవలసిన చోటికే చేరుతుంది. గొంతులో పడి కడుపులోకి జారిన భాగంలో దాదాపు 90 శాతాన్ని కాలేయం ఒంటికి పాకకముందే విరిచేస్తుంది. మాత్ర అలా కాదు. మింగినది రక్తంలో కలిసి కన్ను, ఎముక, చర్మం, క్లోమం అన్నింటినీ పలకరించి గానీ ఊపిరితిత్తికి రాదు.

చిన్న స్టెరాయిడ్‌కు భయపడి దాన్ని పక్కన పెట్టారు. ఏడాదిలో మూడుసార్లు పెద్ద స్టెరాయిడ్ మింగారు. జీవితం మొత్తంలో నాలుగైదుసార్లు ఇలా మాత్రల కోర్సులు వాడినా మధుమేహం, శుక్లాలు, ఎముకలు బలహీనపడటం, గుండె వైఫల్యం వంటివి వచ్చే ప్రమాదం పెరుగుతుందని జీనా హెచ్చరిస్తోంది. మీరు ఒక్క ఏడాదిలోనే మూడు పూర్తి చేశారు. పీల్చే మందుకూ ఇబ్బందులు లేకపోలేదు. గొంతు బొంగురుపోవడం, నాలుక మీద తెల్లని పూత రావడం సాధారణం. పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడేవారికి మాత్రం మిగతా దుష్ప్రభావాలనూ డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి. అందుకే జబ్బు అదుపులోకి వచ్చాక మోతాదును మెల్లగా తగ్గిస్తారు.

గత పదేళ్లలో ఉబ్బసం చికిత్సలో వచ్చిన అసలు మార్పు ఈ రెండు డబ్బాలనూ కలిపేయడం. మీలాగే చాలామంది రోజువారీ ఇన్‌హేలర్‌ను మరిచిపోతారు లేదా మానేస్తారు, ఆయాసం వస్తే మాత్రం తప్పకుండా ఏదో ఒకటి పీలుస్తారు. ‘మానవ స్వభావం అదే అయినప్పుడు, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఆ మందులోనే స్టెరాయిడ్ కూడా ఉంటే?’ అని పరిశోధకులు ఆలోచించారు. ఫార్మొటెరాల్ అనే మందు సాల్బుటమాల్ లాగే నిమిషాల్లో పనిచేస్తుంది, ప్రభావం పన్నెండు గంటల వరకు నిలుస్తుంది. దానికి బుడెసొనైడ్‌ను జత చేశారు. 2018లో వెలువడిన సిగ్మా-1 పరిశోధనలో 3,849 మంది స్వల్ప ఉబ్బసం ఉన్నవారు పాల్గొన్నారు. అవసరమైనప్పుడు ఉపశమన మందు ఒక్కటే పీల్చినవారితో పోలిస్తే, అవసరమైనప్పుడు ఈ జంట మందు పీల్చినవారిలో తీవ్రమైన ఉధృతులు 64 శాతం తక్కువ. రోజూ స్టెరాయిడ్ పీల్చినవారితో సమానంగా ఉధృతులు తగ్గాయి, వాడిన స్టెరాయిడ్ మాత్రం అందులో ఆరో వంతే. రోజువారీ లక్షణాల అదుపులో మాత్రం రోజూ పీల్చినవారే కాస్త మెరుగ్గా ఉన్నారు. ఆ సంగతి దాచకూడదు. మరుసటి ఏడాది న్యూజీలాండ్ పరిశోధకుల నాయకత్వంలో రోజువారీ జీవితానికి దగ్గరగా జరిపిన నావెల్ స్టార్ట్ పరిశోధన కూడా ఇదే దిశగా చూపింది. 2019లో జీనా ఒక పెద్ద అడుగు వేసింది. పెద్దలకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితో చికిత్స చేయడం ఇక మంచిది కాదని చెప్పింది. యాభై ఏళ్ల అలవాటును మార్చిన మాట అది.

మీది స్వల్ప ఉబ్బసం అని నేను అనుకోవడం లేదు. రోజుకు ఆరేడుసార్లు పీల్చడం, ఏడాదిలో మూడు ఉధృతులు స్వల్పం కిందికి రావు. మీలాంటివారికి ఇదే జంట మందును ఉదయం, సాయంత్రం క్రమంగా పీల్చి, మధ్యలో ఆయాసం వస్తే మళ్లీ దాన్నే పీల్చే పద్ధతి ఉంది. ఒకే డబ్బా రెండు పనులూ చేస్తుంది. 16 పరిశోధనల్లోని 22,748 మంది ఫలితాలను కలిపి 2018లో విశ్లేషించారు. పన్నెండేళ్లు దాటినవారిలో, అంతే మోతాదు జంట మందును రోజూ పీలుస్తూ ఆయాసానికి వేరే నీలం డబ్బా వాడినవారికంటే ఈ పద్ధతి పాటించినవారిలో ఉధృతుల ప్రమాదం 32 శాతం తక్కువగా తేలింది. మీ డాక్టరుతో మీరు ముందుగా మాట్లాడవలసిన విషయం ఇదే. ఒక్క జాగ్రత్త. జంట ఇన్‌హేలర్లన్నీ ఒకటి కావు. సాల్మెటెరాల్ కలిసినవి ఆలస్యంగా పనిచేస్తాయి కాబట్టి ఆయాసం వచ్చినప్పుడు వాటిని నమ్ముకోకూడదు. మీ దగ్గర మిగిలిపోయిన పాత డబ్బాలో ఏ మందు ఉందో చూపించకుండా సొంతంగా ఈ ప్రయోగం చేయకండి. అలాగే కొత్త మందు చేతికి వచ్చేదాకా నీలం డబ్బాను పారేయకండి.

ఇక ఇంజెక్షన్. మీరు చదివింది ‘అబ్రా’ అనే పరిశోధన గురించి అయి ఉంటుంది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, లండన్ పరిశోధకులు చేసిన ఆ పని 2024 నవంబరులో వెలువడింది. దాన్ని చదివి నేనూ సంతోషించాను. ఉబ్బసం గానీ పొగతాగేవారిలో ఎక్కువగా వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు గానీ ఉధృతమైనప్పుడు దశాబ్దాలుగా స్టెరాయిడ్ మాత్రలు తప్ప వేరే దారి లేదు. ఇక్కడ 158 మందిని మూడు జట్లుగా విడదీసి, కొందరికి అయిదు రోజులు మాత్రలు, కొందరికి బెన్రాలిజుమాబ్ అనే ఇంజెక్షన్, కొందరికి రెండూ ఇచ్చారు. తొంభై రోజుల్లోపు చికిత్స విఫలమై మళ్లీ మందులో ఆసుపత్రో అవసరమైనవారు మాత్రలు ఒక్కటే తీసుకున్న జట్టులో 74 శాతం. ఇంజెక్షన్ అందిన రెండు జట్లలో కలిపి 45 శాతం.

ఆ 74 అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఉధృతి వచ్చి స్టెరాయిడ్ మాత్రలతో ‘తగ్గిపోయింది’ అనుకున్న ప్రతి నలుగురిలో ముగ్గురు మూడు నెలల్లోపు మళ్లీ ఇబ్బందిపడ్డారు. మీకు ఏడాదిలో మూడుసార్లు ఎందుకు తిరగబెట్టిందో ఇందులో కొంత జవాబు ఉంది.

అయితే ఈ ఇంజెక్షన్ అందరికీ కాదు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చిన ఉధృతులకే దీన్ని పరీక్షించారు. శ్వాసనాళాల వాపులో కొందరికి ఈ కణాలదే ప్రధాన పాత్ర, కొందరికి కాదు. మందు ఆ కణాలను వెతికి పట్టుకుని నశింపజేస్తుంది. కణాలు లేని చోట దానికి పని లేదు. పైగా ఇది 158 మందితో చేసిన రెండో దశ పరిశోధన. ఉధృతి సమయంలో దీన్ని మామూలుగా వాడాలంటే ఇంకా పెద్ద పరిశోధనలు కావాలి. మందు మాత్రం కొత్తది కాదు. 2017లోనే అమెరికాలో అనుమతి పొందింది, తీవ్రమైన ఇసినోఫిలిక్ ఉబ్బసం ఉన్నవారికి క్రమం తప్పకుండా ఇస్తూ ఉధృతులు రాకుండా చూసేందుకు వాడుతున్నారు. ఇలాంటి ఇంజెక్షన్లు ఇప్పుడు పలు రకాలు ఉన్నాయి. ఆరు నెలలకు ఒక్కసారి ఇస్తే సరిపోయే డెపెమోకిమాబ్ ఫలితాలు కూడా 2024లో వచ్చాయి. మంచి మందులే. ఏళ్లతరబడి స్టెరాయిడ్ మాత్రలు లేనిదే గడవని కొందరిని ఇవి ఆ మాత్రల నుంచి బయటపడేశాయి.

కానీ వీటిని రాసేముందు ఏ నిపుణుడైనా మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, ‘పీల్చే మందును సరైన మోతాదులో, సరైన పద్ధతిలో, క్రమం తప్పకుండా వాడారా?’ అనే. అలా వాడినా అదుపులోకి రానిదాన్నే తీవ్రమైన ఉబ్బసం అంటారు. మీ జవాబు ప్రస్తుతానికి ‘లేదు’. కాబట్టి ఇంజెక్షన్ కోసం ఆగడమంటే, ఇంట్లో తాళంచెవి ఉండగా తలుపు పగలగొట్టేవాడి కోసం ఎదురుచూడటమే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ రక్తంలో ఇసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయో పరీక్షించమని అడగండి. ఇటీవల మాత్రలు మింగి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, స్టెరాయిడ్ మాత్రలు ఆ కణాలను తగ్గించి చూపిస్తాయి. ముందు ముందు ఇంజెక్షన్ అవసరం పడితే ఆ లెక్క ఉపయోగపడుతుంది.

ఇంకో మాట కూడా అడగాలి. మీకు ఉబ్బసమేనని ఊపిరి పరీక్ష చేసి నిర్ధారించారా, లేక పిల్లికూతలు విని మందు రాశారా? కెనడాలో అంతకుముందు అయిదేళ్లలో ఉబ్బసం అని డాక్టర్లు చెప్పిన 613 మంది పెద్దలను పిలిచి, మందులు క్రమంగా తగ్గిస్తూ పదేపదే పరీక్షించారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడింట ఒక వంతు మందిలో ఉబ్బసం కనిపించలేదు. కొందరికి తగ్గిపోయి ఉండవచ్చు, కొందరికి అసలు ఎప్పుడూ లేకపోయి ఉండవచ్చు. కొద్దిమందికి గుండె జబ్బు లాంటి పెద్ద సమస్యలు బయటపడ్డాయి. మీ విషయంలో ఉబ్బసం అయ్యే అవకాశమే ఎక్కువని ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. అయినా స్పైరోమెట్రీ చేయించుకోండి. గొట్టంలోకి బలంగా ఊదడం, మందు పీల్చి మళ్లీ ఊదడం, అరగంట పని. సొంతంగా మందులు ఆపి మాత్రం చూడకండి.

పీల్చే పద్ధతి గురించి రాయకపోతే పైన రాసిందంతా వృథా. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ నా ఎదుటే ఇన్‌హేలర్ వాడి చూపించమంటాను. ఒకాయన, బడిలో పాఠాలు చెప్పే మనిషి, ఎనిమిదేళ్లుగా వాడుతున్నానని ధీమాగా చెప్పి డబ్బాను నోట్లో పెట్టుకుని నొక్కారు. పెదవుల మూలనుంచి తెల్లటి పొగ బయటికి వచ్చి మీసాల మీద వాలింది. మందు వదిలిన తర్వాత ఆయన ముక్కుతో గాలి పీల్చారు. ఎనిమిదేళ్లుగా ఆ మందులో ఎంత ఊపిరితిత్తులకు చేరిందో తలచుకుంటే నాకు బాధేసింది. ఆయన తప్పేమీ లేదు. చీటీ రాసిన ఎవరూ ఆయనను చూపించమని అడగలేదు. ఇలాంటివారు అరుదు కూడా కాదు. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2016లో చూస్తే పూర్తిగా సరైన పద్ధతిలో పీల్చేవారు 31 శాతమే, ఆ నలభై ఏళ్లలో పరిస్థితి మెరుగుపడనూ లేదు.

నొక్కే రకం ఇన్‌హేలర్ అయితే ముందు బాగా కదపాలి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులతో గట్టిగా మూసి, నోటితో మెల్లగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. పీల్చడం ఆపకుండా ఛాతీ నిండేదాకా తీసుకుని పది సెకన్లు బిగబట్టాలి. రెండోసారి నొక్కాలంటే అర నిమిషమైనా ఆగాలి. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే ఈ కష్టం చాలావరకు తప్పుతుంది, పెద్దవాళ్లు దానికి సిగ్గుపడనక్కరలేదు. పొడి రకం ఇన్‌హేలర్‌కు ఇందుకు వ్యతిరేకం. దాన్ని ఒక్కసారిగా, బలంగా, వేగంగా పీల్చాలి. ఒకదాని పద్ధతిలో ఇంకోదాన్ని పీలిస్తే రెండూ పనిచేయవు.

మీ అబ్బాయి గురించి. మీ దిగులుకు ఆధారం లేకపోలేదు, దాని కొలత కూడా మనకు తెలుసు. అయిదు నుంచి పదమూడేళ్ల పిల్లలకు నాలుగు నుంచి ఆరేళ్లపాటు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఇచ్చి, వాళ్లు పెద్దయ్యేదాకా కనిపెట్టుకుని ఉన్న పరిశోధన 2012లో వెలువడింది. మొత్తం 943 మంది. మందు లేని జట్టుతో పోలిస్తే వీళ్ల ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. ఆ తేడా వాడకం మొదలైన తొలి రెండేళ్లలో ఏర్పడింది, ఏటేటా పెరుగుతూ పోలేదు. ఎదుగుదల ఆగిపోవడం అనేది జరగదు. అదుపులో లేని ఉబ్బసం, దాని కోసం పదేపదే మింగే మాత్రలు కూడా పిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. ఒక తల్లిగా మీరు ఏది ఎంచుకుంటారన్నది మీ ఇష్టం. నా బిడ్డ అయితే నేను ఆ సెంటీమీటరును వదులుకుని ఊపిరిని ఎంచుకుంటాను.

అవసరమైనప్పుడే జంట మందు పీల్చే పద్ధతి పిల్లలకు పనికొస్తుందా అనే ప్రశ్నకు 2025లో జవాబు మొదలైంది. న్యూజీలాండ్‌లో అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య స్వల్ప ఉబ్బసం ఉన్న 360 మంది పిల్లలతో జరిగిన ‘కేర్’ పరిశోధనలో, సాల్బుటమాల్ పీల్చిన ప్రతి వందమందికి ఏడాదిలో 41 ఉధృతులు వస్తే, తక్కువ మోతాదు జంట మందు పీల్చిన వందమందికి 23 వచ్చాయి. ఒక్క పరిశోధనే కాబట్టి ప్రతి డాక్టరూ రేపే మారిపోరు. అయినా మీ పిల్లల డాక్టరుతో ప్రస్తావించదగిన విషయం. అంతకన్నా ముందు వాడిది ఉబ్బసమేనా, జలుబు చేసినప్పుడు మాత్రమే వచ్చే పిల్లికూతలా అన్నది తేలాలి. ఇంట్లో ఎవరైనా పొగతాగుతుంటే ఆ పొగ మీ ఇద్దరికీ విషమే. అది ఈరోజే ఆగాలి.

మీకు గానీ అబ్బాయికి గానీ ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పీల్చిన మందు ప్రభావం మూడు నాలుగు గంటలు కూడా నిలవకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. స్పేసర్‌తో మందు పీలుస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి. నేను పైన చెప్పిన బ్రిటన్ నివేదికలో 45 శాతం మంది వైద్యసాయం కోరకుండానే లేదా అత్యవసర చికిత్స అందేలోపే ప్రాణం విడిచారు.

ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ దగ్గరున్న డబ్బాలన్నీ, వాడినవీ మానేసినవీ, సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. నెలకు ఒక నీలం డబ్బా అవుతోందనీ, రెండోది మానేశాననీ, ఎందుకు మానేశారో కూడా దాచకుండా చెప్పండి. ఎలా పీలుస్తున్నారో చూపించండి. ఆయాసం వస్తే ఏ మందు ఎన్నిసార్లు, ఎప్పుడు ఆసుపత్రికి రావాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అబ్బాయినీ తీసుకెళ్లండి. అయితే రాత్రిపూట వాడికి పిల్లికూతలు వినిపించినప్పుడు, చొక్కా పైకెత్తి ఛాతీ కనిపించేలా ఒక నిమిషంపాటు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. పగలు డాక్టరు ముందు కూర్చునే సరికి పిల్లల ఛాతీ చాలాసార్లు నిశ్శబ్దంగానే ఉంటుంది.